నక్క తోక బ్రౌజరూ, వెంకటరావమ్మగారి రోకలీ

చిల్లులు లేని బ్రౌజర్‌ను నమ్మకండి!

పత్రికల్లో కంప్యూటర్ పేజీ చదివేవారికి ఈ మాట రుచించదని నాకు తెలుసు. ఆ పేజీలో వారం వారం ఒకటే పాట. మీరు ఇంటర్నెట్ చూసే బ్రౌజర్‌కు చిల్లులున్నాయి, వాటిలోంచి దొంగలు దూరుతున్నారు, వెంటనే భద్రమైన బ్రౌజర్‌కు మారండి! మారాక ఏం జరుగుతుందో మాత్రం ఒక్కరూ రాయరు. రాయడానికి వాళ్ళేమైనా మా వీధిలో కాపురం ఉంటున్నారా?

అసలు చిల్లుంటే తప్పేమిటి? గుంటూరు యార్డులో మిర్చి బస్తాకు కోత పెట్టి, అందులోకి చెయ్యి దూర్చి, గుప్పెడు కాయలు తీసి చూడకుండా ఎవరైనా కొంటున్నారా? చిల్లుల్లేని జల్లెడను పళ్ళెం అంటాం. చిల్లుల్లేని పిల్లనగ్రోవిని పొయ్యిలో పెడతాం. ఇన్నిచోట్ల పనికొచ్చిన చిల్లు ఒక్క బ్రౌజర్ దగ్గరే నేరమైపోయిందా?

నా వాదనకు సాక్ష్యం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. వినుకొండకు కూతవేటు దూరంలో ఉన్న మా ఊళ్ళో, మా వీధిలోనే, వెంకటరావమ్మగారి కంప్యూటర్ ఉంది.

ఆ కంప్యూటర్ ఆమె భర్త యలమందగారు పురుగుమందుల కొట్టు కోసం కొన్నది. రెండేళ్ళ కిందట ఆయన పోయారు. కొట్టు మూసేసినప్పుడు బల్లలు కొన్నవాళ్ళున్నారు, తక్కెడ కొన్నవాళ్ళున్నారు. కంప్యూటర్‌ను మాత్రం ఎవరూ అడగలేదు. అది రిక్షా ఎక్కి ఇంటికొచ్చింది. ఆమె ఆయన తువ్వాలు ఒకటి చింపి దానికి గలేబు కుట్టారు. గుంటూరులో ఎం.సి.ఎ. చదువుతున్న పక్కింటి భవ్య సెలవులకొచ్చి, టెలిఫోన్ వైరు తగిలించి, ఇంటర్నెట్ చూడటం నేర్పింది.

ఇక్కడ వెంకటరావమ్మగారి అలవాటు ఒకటి చెప్పాలి. ఆమె నోట ‘లేదు’ అన్న మాట మేమెవరమూ వినలేదు. డబ్బాలో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటారు. దీపం ఆరిపోతే ‘కొండెక్కింది’ అంటారు. పెరుగు అడిగితే, ఉంటే పోస్తారు, లేకపోతే ‘ఇప్పుడే తోడేశాను, సాయంత్రం రా’ అంటారు. ఇలా అనేవాళ్ళు మన ఇళ్ళల్లో ఇంకా ఉన్నారు కానీ, ఇంత నిష్ఠగా అనేవాళ్ళు తక్కువ. యలమందగారు పోయిన ఆరు నెలలకు ఎవరో దూరపు రైతు వచ్చి, సంగతి తెలియక, ‘యలమందగారున్నారా అమ్మా?’ అని అడిగితే, ఆమె పీట వాల్చి, ‘కొట్టు మూసేశామండీ. కూర్చోండి, మజ్జిగ తాగి వెళ్దురుగాని’ అన్నారు.

అలాంటి మనిషి ముందు మన పాత బ్రౌజర్ నిలబడింది. నీలం గుర్తుది. దాని చిల్లులోంచి ఒక చిన్న పెట్టె పైకి లేచి, ఇంగ్లీషులో ఏదో అడిగి, కింద రెండు మీటలు చూపించింది. ఒకటి ‘అవును’, రెండోది ‘కాదు’.

“ఏమంటున్నాడే?” అని ఆమె భవ్యను అడిగారు.

“లోపలికి రానా అంటున్నాడు పెద్దమ్మా. కాదు అని నొక్కు.”

“గుమ్మంలోకొచ్చి అడిగినవాణ్ణి కాదంటామటే? నువ్వు చదివిన చదువు ఇదేనా?”

భవ్య సెలవులైపోయి గుంటూరు వెళ్ళిపోయింది. ఇక ఆ ఇంట్లో ‘కాదు’ అని నొక్కే చెయ్యి మిగల్లేదు.

పాఠకులారా, ఆ తరువాత ఆ కంప్యూటర్ ఎంత కళకళలాడిందో మీరు చూడలేదు! పైనుంచి ఒక పట్టీ దిగింది. దాన్ని టూల్‌బార్ అంటారట. దాని కింద ఇంకో పట్టీ. దాని కింద నవ్వు ముఖాల పట్టీ, వాతావరణం పట్టీ, ఏ దేశానిదో తెలియని భాషలో ఒక పట్టీ. పత్తి లారీ మీద బోరేలు పేర్చినట్టు పేర్చుకుంటూ వచ్చి, చివరికి అసలు పేజీకి రెండు వేళ్ళ సందు మిగిల్చాయి. వెంకటరావమ్మగారు ఆ సందులోంచే వార్తలు చదివేవారు. శివరాత్రి నాడు అమరావతిలో ముందువాళ్ళ భుజాల మధ్యనుంచి అమరేశ్వరుణ్ణి చూసినవారికి ఇదొక కష్టమా?

పొద్దున్నే కంప్యూటర్ తెరిస్తే మొదటి పేజీ ఏదొస్తుందో ఆమెకే తెలియదు. ఒకరోజు జూదం, ఒకరోజు బరువు తగ్గే మాత్రలు, ఒకరోజు బట్టతల మీద జుట్టు మొలిపించే నూనె. రోజూ ఒకే ముఖం చూస్తూ బతికే మనబోటి వాళ్ళకు ఆ భాగ్యం ఏది?

వీటన్నిటి మీద ఒక పచ్చ చిలక. ఎప్పుడు దూరిందో ఎవరికీ తెలియదు. స్క్రీన్ మీద ఆ మూలనుంచి ఈ మూలకు నడిచి, ముక్కు ఎత్తి, ఇంగ్లీషులో ఏదో అడిగేది. ఏం అడిగేదో ఆమెకు అర్థమయ్యేది కాదు. భోజనాల వేళకు ఎవరైనా అడిగేది ఒకటే కదా అనుకుని, “తిన్నాను నాయనా, నువ్వు తిన్నావా?” అనేవారు.

ఇక అభినందనల సంగతి చెప్పనే అక్కర్లేదు. ‘మీరు పది లక్షలవ అతిథి! మీకు స్వాగతం! లోపలికి రండి!’ అని ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు టపాకాయల్లా వెలుగుతూ వచ్చేవి. వీధి పిల్లలు చదివి అర్థం చెప్పేవారు. ఎన్నిసార్లు వచ్చినా ఆమే పది లక్షలవ అతిథి! తక్కినవాళ్ళంతా ఆమె వచ్చేదాకా ఆగి, దారి ఇచ్చి, వెనక్కి తగ్గుతున్నారన్నమాట. ఏ పెళ్ళిలో జరుగుతుంది ఇంత మర్యాద?

ఇంత వైభవంలో ఒక చిన్న చిక్కు వచ్చింది. వినుకొండలో ఖాదర్ వలి అనే మెకానిక్ ఉన్నాడు. పొలాల్లో మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేసే కొట్టులోనే ఒక పక్క కంప్యూటర్లు కూడా బాగుచేస్తాడు. ఒకరోజు అతనికి వెంకటరావమ్మగారి దగ్గరనుంచి ఈమెయిల్ వచ్చింది. ఇంగ్లీషులో, తియ్యగా ఉంది. నిన్నే తలుచుకుంటున్నాను, నా మనసు ఇందులో పెట్టి పంపుతున్నాను, తెరిచి చూడు అని దాని సారాంశం. ముందు చదివింది ఖాదర్ వలి కాదు. అతని భార్య జైతున్‌బీ.

మర్నాడు మొగుడూ పెళ్ళాలిద్దరూ స్కూటర్ మీద దిగారు. ఖాదర్ వలి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

“అమ్మా, మీ కాళ్ళకి దండం పెడతాను. ఆ ఉత్తరం మీరు రాశారా?”

“ఏం ఉత్తరం అబ్బాయ్? నిన్న ఎవరో పెట్టెలో ఏదో అడిగారు. పాపం అడిగారు కదాని సరే అన్నాను.”

జైతున్‌బీ అరుగు మీద కూలబడి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. “పెళ్ళయి ఇన్నేళ్ళయింది. ఈయనకి ఒక్కరైనా రాశారు. నాకదే సంతోషం!” అంది.

ఖాదర్ వలికి నవ్వు రాలేదు. గలేబు తీసి, స్క్రీన్ చూసి, తల పట్టుకున్నాడు. “పచ్చపురుగు పట్టిన పత్తిచేను కూడా ఇంతకంటే నయంగా ఉంటదమ్మా” అన్నాడు.

అతను పత్తి రైతుల మధ్య పెరిగినవాడు. వైద్యం కూడా ఆ పద్ధతిలోనే చేశాడు. పురుగు ఒక మందుకు చావకపోతే మనవాళ్ళేం చేస్తారు? రెండు మందులు కలుపుతారు. రెంటికీ చావకపోతే కొట్లో ఉన్నవన్నీ ఒకే డ్రమ్ములో పోసి కలుపుతారు. ఖాదర్ వలి తన దగ్గరున్న యాంటీవైరస్‌లన్నీ ఒకేసారి ఎక్కించాడు. అవి లోపలికి వెళ్ళి, పురుగు జోలికి పోకుండా, ఒకదాన్ని చూసి ఒకటి ‘దొంగ! దొంగ!’ అని అరిచాయి. మొదటిది రెండోదాన్ని పట్టుకుంది. రెండోది మూడోదానికి సంకెళ్ళు వేసి లోపల పడేసింది. ఆ గొడవంతా పచ్చ చిలక ఒక మూల నిలబడి చూసింది.

“ఇక మందులతో లాభం లేదమ్మా, విత్తనమే మార్చాలి” అని ఖాదర్ వలి చేతులెత్తేశాడు.

అప్పుడొచ్చింది పాఠకులారా, నేను వ్యతిరేకిస్తున్న ఆ భద్రమైన బ్రౌజర్!

చదువు పూర్తిచేసుకుని, పెళ్ళి కుదిరి ఇంటికొచ్చిన భవ్య దాన్ని ఇంటర్నెట్ నుంచి దింపింది. దింపడానికి ఒక పగలంతా పట్టింది. సగం దిగాక ఎవరో ఫోన్ చేయడం, లైన్ తెగడం, మళ్ళీ మొదటికి రావడం. దాని గుర్తు ఒక నక్క, భూగోళాన్ని తోకతో చుట్టి పడుకుని ఉంటుంది. నక్క తోక తొక్కితే అదృష్టం అంటారు గదా అని వెంకటరావమ్మగారు ఆ తోక మీదే నొక్కారు.

తెర తెరుచుకుంది. అంతా తెల్లగా ఉంది.

“ఇదేంటే, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టుంది?”

“శుభ్రం చేశా పెద్దమ్మా.”

“చిలకేదీ?”

“అది మంచిది కాదు పెద్దమ్మా, తీసేశా.”

అంతలో తెర పైన సన్నగా ఒక పసుపు గీత వచ్చింది. భవ్య చదివి చెప్పింది. ఎవరో పెట్టెతో పైకి రాబోయారట, బ్రౌజర్ ఆపేసిందట.

“ఎవరొచ్చారట?”

“ఎవరైతే ఏం, ఆపేసిందిగా. పాప్-అప్ బ్లాకర్ అంటారు దాన్ని.”

“ఎవరో ఏమిటో అడక్కుండా పంపేస్తే ఎట్టాగే?”

“పెద్దమ్మా, వాళ్ళు దొంగలు! నీ అడ్రసులు కాజేసేవాళ్ళు!”

వెంకటరావమ్మగారు తెల్లటి తెర వంక చూస్తూ మెల్లగా అన్నారు. “దొంగలైతే కానీవే. రోజూ రమ్మని పిలిచారు.”

భవ్య గుమ్మం వైపు తిరిగింది. ఆ ఇంటి ద్వారబంధం మీద పాత బొట్లు తప్ప కొత్త బొట్టు పడి చాలా కాలమైందని ఆ పిల్ల అప్పుడే గమనించినట్టుంది.

మా వీధి పద్ధతి ఇక్కడ వివరించాలి. శుభకార్యమంటే ఇల్లాలు కుంకుమభరిణ పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, మనుషులు లేకపోతే గుమ్మానికైనా బొట్టు పెట్టి పిలవాలి. భర్త పోయిన ఆడవాళ్ళ ఇల్లు వచ్చినప్పుడు మాత్రం భరిణ మూత దానంతటదే పడిపోతుంది. ఎవరూ ఎవర్నీ రావద్దని అనరు. మా వీధిలో అంత మోటుమనుషులు లేరు. పిలవడం మర్చిపోతారు, అంతే. కంప్యూటర్ కంపెనీలు ఇప్పుడు కనిపెట్టి గొప్పలు పోతున్న బ్లాకర్, పాఠకులారా, మాకు తాతల నాటి నుంచి ఉంది! కరెంటు కూడా అక్కర్లేదు!

మాఘమాసంలో భవ్య పెళ్ళి. పెళ్ళికి ముందు పసుపు కొట్టే వేడుక పెట్టుకున్నారు. ముత్తయిదువులు రోట్లో పసుపు కొమ్ములు వేసి దంచాలి. భవ్య తల్లి బిందుమాధవి భరిణ పట్టుకుని బయల్దేరింది. ఎదురింటివాళ్ళకు బొట్టు పెట్టింది, వాళ్ళ పక్కవాళ్ళకు పెట్టింది. జైతున్‌బీకి కూడా కబురు పంపింది. తన ఇంటిని ఆనుకుని ఉన్న వెంకటరావమ్మగారి గుమ్మం దగ్గరకు వచ్చేసరికి, చెప్పులో రాయి పడినట్టు కిందికి చూసుకుంటూ దాటిపోయింది. కిటికీ పక్కన కంప్యూటర్ ముందు కూర్చున్న వెంకటరావమ్మగారు అది చూశారు. చూసి, మౌస్ పట్టుకున్నారు.

పసుపు కొట్టే రోజు రానే వచ్చింది. డాబాల మీద ఎర్రగా మిరపకాయలు, పందిట్లో పచ్చగా చీరలు, అందరికీ తుమ్ములు. రోలు అలంకరించారు. కొమ్ములు పోశారు. రోకలి ఏదీ?

మా వీధిలో రోకళ్ళు ఎప్పుడో కాలం చేశాయి. మిక్సీలొచ్చాక ఒకటి గేదెల కొట్టానికి పోటుకర్ర అయింది, ఒకటి వెనక తలుపుకు అడ్డుగడియ అయింది. ఇనప పొన్ను తొడిగి, నున్నగా, నిఖార్సుగా మిగిలిన రోకలి ఒక్కటే. అది వెంకటరావమ్మగారిది. ఈ రెండేళ్ళలో వీధిలో జరిగిన ప్రతి పెళ్ళికీ అది వెళ్ళింది. పసుపు పూయించుకుని, కంకణం కట్టించుకుని, ఊరేగినంత పనిచేసి తిరిగొచ్చింది. రోకలికి వైధవ్యం లేదు చూడండి. ఆమె రాకూడదు, ఆమె రోకలి రావచ్చు. ఎవరిని ఆపాలో ఎవరిని రానివ్వాలో మా బ్లాకర్‌కు అంత బాగా తెలుసు!

బిందుమాధవి చేతిలో భరిణతోనే గబగబా వచ్చింది. “అక్కా, రోకలి ఒకసారి ఇయ్యి. ముహూర్తం దగ్గరపడింది.”

వెంకటరావమ్మగారు కంప్యూటర్ ముందే ఉన్నారు. తెర మీద పసుపు గీత. ఎవరో రాబోయారు, ఆపేశాను, ఏం చేయమంటారు అని నక్క అడుగుతోంది. భవ్య నేర్పాక ఆమె ఆ గీత చదవడం అలవాటు చేసుకున్నారు. అడిగిన ప్రతివాడికీ సరే అననక్కర్లేదని, కాదన్నా ఇల్లు కూలదని, ఆ నక్క దగ్గర కూర్చుని రోజూ చూస్తున్నారు. ఆమె కుర్చీలోంచి లేచి గుమ్మంలోకి వచ్చారు.

“లేదు” అన్నారు.

బిందుమాధవి నోరు తెరిచింది. “అదేంటక్కా, అదిగో తలుపు మూల ఉందిగా!”

“రోకలి ఉంది. ఇవ్వడం లేదు.”

పందిట్లో ఆ మాట విన్నవాళ్ళు, అది ఎవరి నోట వచ్చిందో చూడటానికి గోడ మీదుగా మెడలు చాచారు.

“శుభమా అని పెళ్ళి పెట్టుకుంటే ఇప్పుడా నువ్వు ఆ మాట అనేది?”

“నీ శుభానికి నా రోకలి పనికొస్తుంది. నేను పనికిరానా బిందూ?”

“అయ్యో, నేనేం చేసేదక్కా! నిన్ను పిలుద్దామని ఫోన్ చేశా. నీ లైనేమో ఎప్పుడు చూడు ఎంగేజ్!”

“మన ఇళ్ళకు మధ్య ఉంది ఒక్క గోడే. గోడ కూడా ఎంగేజేనా? నీ తాలింపుకు నేనిక్కడ తుమ్ముతూనే ఉన్నా గదే.”

పందిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అది జైతున్‌బీ అని నాకు గట్టి అనుమానం.

అప్పుడు భవ్య పసుపు చీరలోనే దిగొచ్చింది. తల్లి చేతిలోంచి భరిణ లాక్కుంది. మూత తీసింది. “పెద్దమ్మా, పసుపు కొట్టడానికి రా” అని వెంకటరావమ్మగారి నుదుట బొట్టు పెట్టింది.

“ఒసేయ్, నలుగురూ ఏమనుకుంటారే!” అంది తల్లి.

“ఏమనుకుంటారో వాళ్ళనే అడుగమ్మా, ఇక్కడే ఉన్నారుగా. ఆ నక్క అయినా ఒకర్ని ఆపేస్తే ఆపేశానని చెబుతుంది. మనం అది కూడా చెప్పం.”

నలుగురూ ఏమీ అనుకోలేదు. ఎండ ముదురుతోంది. “తొందరగా తేల్చండమ్మా, రోకలి దానంతటది నడిచిరాదు!” అని జైతున్‌బీ గోడ అవతలనుంచి కేకేసింది.

వెంకటరావమ్మగారు రోకలి భుజాన వేసుకుని బయల్దేరారు. మొదటి పోటు ఆమే వేశారు. బిందుమాధవి కళ్ళు గట్టిగా మూసుకుంది. కాసేపటికి ఒక కన్ను తెరిచి చూసింది. పందిరి నిలబడే ఉంది. పెళ్ళికూతురు నవ్వుతూనే ఉంది. పసుపు మాత్రం మెత్తగా నలిగింది.

చూశారా పాఠకులారా, ఒక్క భద్రమైన బ్రౌజర్ వల్ల ఎంత నష్టమో!

పాత బ్రౌజరే ఉంటే ఆమె చిలకతో కబుర్లు చెప్పుకుంటూ, పది లక్షలవ అతిథిగా స్వాగతాలు అందుకుంటూ, అడిగిన ప్రతివాడికీ సరే అంటూ హాయిగా ఇంట్లో కూర్చునేవారు. రోకలి పెళ్ళికి వెళ్ళేది, ఆమె వెళ్ళేవారు కాదు, వీధి పరువు దక్కేది. ఇప్పుడు ఆ నక్క ఆమెకు ‘లేదు’ అనడం నేర్పింది. రేపు ఇంకొకరు నేర్చుకుంటారు. అప్పుడు మన శుభకార్యాలకు రోకళ్ళు ఎవరిస్తారు? అందుకే చెబుతున్నాను, చిల్లుల బ్రౌజర్‌నే ఆదరించండి. తలుపు తట్టినవాడికల్లా సరే అనండి. అది మన సంప్రదాయం.

అన్నట్టు, మా ఇంట్లో ఒక ఇత్తడి గంగాళం ఉంది. మావారు ఉన్నప్పుడు కొన్నది. ఆయన పోయాక కూడా వీధిలో ప్రతి పెళ్ళి వంటకూ అది వెళ్తూనే ఉంది. నన్ను వదిలిపెట్టి వెళ్ళి, తళతళా తోమించుకుని వస్తోంది. నిన్న సాయంత్రం మళ్ళీ ఒకరొచ్చి, ఫలానా రోజు గంగాళం కావాలి టీచరమ్మగారూ అన్నారు. పెళ్ళి ఎక్కడో, ఎవరిదో చెప్పలేదు. ఆలోచించి చెబుతానన్నాను.

ఈ ఉదయం, పుట్టింటికి వచ్చి ఉన్న భవ్య దగ్గరకు వెళ్ళాను. ఆ నక్కను దింపడానికి ఒక పగలు పడుతుందట.

ఫోన్ ఎవరూ చేయరు కనుక, మా ఇంట్లో ఇంకా త్వరగానే దిగుతుంది.